గడ్డి తినే గ్యాసు

మా మరిది ఏటా ఒక కొత్త మతం పుచ్చుకుంటాడు. ఒక ఏడు కలబంద, ఒక ఏడు ఈము పక్షులు, ఇంకో ఏడు కొర్రమీను చెరువు. ఏది మొదలుపెట్టినా ప్రపంచాన్ని ఉద్ధరించడానికే. అది నీరుగారిపోతే ప్రపంచానికే ప్రాప్తం లేదంటాడు. ఈముల ఏడాది ఒక పక్షి దడి దూకొచ్చి మా తోటికోడల్ని వీధి చివరిదాకా తరిమింది. అప్పుడు కూడా ఇతను అరుగు మీద కూర్చుని, ఆ పక్షి నూనె కీళ్లనొప్పులకి ఎంత మంచిదో ఎవరికో చెబుతున్నాడు.

నేను కాపురానికి వచ్చేనాటికి అతను నిక్కరు వేసుకునేవాడు. అప్పుడూ ఇదే నోరు. రేపల్లె నుంచి బాపట్ల వెళ్లే దారిలో మా అత్తగారి ఊరు. పొలం అంతా అతనే చేసుకుంటాడు, మా వాటాతో సహా. నేనూ మా ఆయనా తెనాల్లో ఉంటాం. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన మాట్లాడటం చాలా తక్కువ. ఆ లోటంతా తమ్ముడే పూడుస్తాడు.

ఆ ఏడు వరికోతలు మొదలయ్యే రోజుల్లో అతను కారేసుకుని తెనాలి వచ్చాడు. నేను అప్పటికే కిటికీలు బిగించుకుని కూర్చున్నాను. నాకు ఆయాసం. కోత మిషన్లు వచ్చిన దగ్గర్నుంచి ప్రతి చలికాలం నాకు నరకం. మిషను కోసుకుంటూ పోతే గడ్డి చేలో చెల్లాచెదురుగా పడిపోతుంది. దాన్ని ఏరి వామి వేయించే ఓపిక మా రైతులకి లేదు. అగ్గిపుల్ల గీసి పడేస్తారు. భూమిని తల్లి అంటారు కదా, ఆ తల్లి వీపు మీద ఏటా వాత పెడతారు. పొగ ఊళ్లు దాటి వచ్చి నా ఛాతీలో కూర్చుంటుంది. ఎకరాలకి ఎకరాలు ఉన్న పెద్దమనుషులు పొద్దున్నే మాస్కు కట్టుకుని వాకింగ్ చేస్తూ, గాలి పాడైపోయిందండీ అని నాకే చెబుతారు.

"వదినా, ఈ ఏడాది నుంచి నీకు పొగ ఉండదు," అన్నాడు మరిది, చెప్పులు విప్పకుండానే.

"ఏంటి, రైతులందరికీ బుద్ధొచ్చిందా?"

"బుద్ధి కాదు, బిజినెస్సు వచ్చింది. బాపట్ల వైపు గ్యాసు కంపెనీ పెట్టారు. వరిగడ్డితో గ్యాసు తీస్తారు. దాంతో ఆటోలు, బస్సులు తిరుగుతాయి. గడ్డి కాల్చక్కర్లేదు. మన చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో గడ్డి సేకరణ నాది. బేలర్ కొంటున్నా."

బేలర్ అంటే ట్రాక్టరు వెనక తగిలించే మిషను. చేలో పడిన గడ్డిని ఊడ్చుకుంటూ పోయి గుండ్రంగా చుట్టి, తాడు కట్టి, వెనక నుంచి పడేస్తుంది. ఆ చుట్ట ఒక్కోటి పెద్ద గంగాళమంత ఉంటుంది.

నేను కాఫీ కలిపేలోగా అతను ఇంకా లోతుకి దిగాడు. "మీథేన్ అంటే ఏంటో తెలుసా వదినా?"

పదో తరగతి పిల్లలకి ఆ కార్బనూ దాని చుట్టూ ఆ నాలుగు హైడ్రోజన్లూ గీసి గీసి నా వేళ్లు అరిగాయి. అయినా అతను నాకు మీథేన్ గురించి చెప్పాడు. మా ఆయన పేపరు చాటున నవ్వుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆయనకి కూడా ఆ వారం ఇంధనం దెబ్బే తగిలింది. పెట్రోల్లో ఇప్పుడు ఇథనాల్ కలుపుతున్నారు కదా. వానాకాలమంతా కదల్చకుండా పెట్టిన పాత స్కూటరు ట్యాంకులో నీరు చేరి బండి మొరాయించింది. ఆ మాట చెబితే, "అది బండి తప్పు అన్నయ్యా, ఇంధనం తప్పు కాదు," అని మరిది ఒక్క వాక్యంలో తీర్పిచ్చేశాడు. వీళ్ల దృష్టిలో కొత్తదానికి ఎప్పుడూ తప్పుండదు. పాడైనవన్నీ పాతవే.

అయినా నిజం చెప్పాలి. ఆ రోజు అతను చెప్పింది విని నాకు లోపల ఆశ పుట్టింది. పొగ లేని చలికాలం అంటే నాకు ఇంకేం కావాలి? పెద్దగా నమ్మనట్టు మొహం పెట్టాను గాని, కంపెనీ చూపిస్తాను రమ్మంటే మర్నాడే బయల్దేరాను.

కర్లపాలెం దాటి కొంత దూరం వెళ్లాక, పొలాల మధ్య తెల్లటి రేకుల షెడ్లూ, నీళ్ల ట్యాంకుల్లాంటి పెద్ద పెద్ద గుండ్రటి తొట్లూ కనిపించాయి. గేటు దగ్గర పూల కుండీలు. లోపల ఏసీ గది. మేనేజరు కుర్రవాడు కాదు గాని కుర్రవాడిలా తయారయ్యాడు. తెల్లటి బూట్లు, చేతిలో లేజర్ లైటు. మాకు గోడ మీద బొమ్మలు చూపించాడు. ఒక బొమ్మలో రైతు నవ్వుతున్నాడు. ఇంకో బొమ్మలో ఆవు నవ్వుతోంది. ఆవు నవ్వడం నేను ఎక్కడా చూడలేదు. కంపెనీల బొమ్మల్లోనే నవ్వుతుంది.

గడ్డిని తుక్కు తుక్కుగా నరికి, పేడనీళ్లలో కలిపి, గాలి తగలకుండా ఆ తొట్లలో మురగబెడతారట. వచ్చిన గ్యాసు శుభ్రం చేసి సిలిండర్లలోకి ఎక్కిస్తారట. మిగిలిన మడ్డి పొలానికి ఎరువట. ఇందులో నాకు తప్పు దొరకలేదు. మా నాన్నగారింట్లో ఒకప్పుడు గోబర్ గ్యాసు పొయ్యి మీదే కాఫీ కాచేవాళ్లు. సైన్సు సైన్సే. ఎవరు చెప్పినా నిజమే.

"మరి గడ్డంతా మీరు తీసుకుంటే గేదెలు ఏం తింటాయండీ?" అని అడిగాను.

మేనేజరు నవ్వాడు. "మేడం, మేం తీసుకునేది వేస్టేనండి. కాల్చేసే గడ్డి. ఎవరికీ పనికిరానిది."

"కాల్చేముందు ఎవరూ ఏరుకోవడం లేదా?"

"అది లోకల్‌గా చూసుకుంటారండి," అంటూ లేజర్ లైటుని నవ్వే ఆవు మీదకి తిప్పాడు.

మరిది నా మోచేతిని పొడిచాడు. బయటికొచ్చాక, "ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తావేంటి వదినా!" అని విసుక్కున్నాడు. నేను ఇంకొకటి కూడా చూశాను. గేటు బయట గడ్డి లారీలు బారులు తీరి నల్లటి పొగ కక్కుతున్నాయి. పొగ రాని గ్యాసు కోసం డీజిలు పొగ. ఆ మాట అంటే నన్ను కార్లో ఎక్కనివ్వడేమో అని ఊరుకున్నాను. తర్వాత సూర్యలంక తీసుకెళ్లాడు. అక్కడ కూడా సముద్రం వైపు తిరిగి, చెయ్యి చాపి, నాచుతో కూడా నూనె తీయొచ్చట అని మొదలుపెట్టాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని అలల్లోకి వెళ్లిపోయాను.

ఆ చలికాలం అతను అన్నంత పనీ చేశాడు. కోత మిషను ఒక చేను కోసి బయటికి వస్తే, మర్నాడే బేలర్ దిగేది. పొలాలన్నీ తల దువ్వినట్టు నున్నగా అయిపోయాయి. అన్నిటికన్నా ఆశ్చర్యం, మా వైపు నిజంగానే పొగ తగ్గింది. తెనాల్లో నేను కిటికీ తీసి పడుకున్నాను. మందు పీల్చే గొట్టం బీరువాలో పడేశాను. ఊళ్లో రైతులు మా మరిదిని చూస్తే లేచి నిలబడుతున్నారని విన్నాను. పనికిరాదని తగలబెట్టిన దానికి ఎవరో వచ్చి ఎంతో కొంత చేతిలో పెడుతుంటే ఎవరికి చేదు? నిన్నటిదాకా నిప్పు పెట్టినవాళ్లే, పర్యావరణం కాపాడాలండీ అని ఉపన్యాసాలు మొదలుపెట్టారు. ఈ మాట వాళ్ల నోట వింటుంటే నాకు పొగ పీల్చినంత ఉక్కిరిబిక్కిరైంది.

ఫిబ్రవరి దాటాక మా తోటికోడలు ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేసిందంటేనే ఏదో జరిగిందని అర్థం. మామూలుగా ఆమె పొయ్యితో, గేదెలతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. నాలుగు గేదెలు ఉన్నాయి. ఆ పాలతోనే పిల్లల చదువులు గట్టెక్కించింది. కలబంద ఏడాదీ ఈము ఏడాదీ కూడా ఇల్లు గడిచింది ఆ గేదెల మీదే. ఆ సంగతి మా మరిది ఏ ఉపన్యాసంలోనూ చెప్పడు.

"అక్కా, ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు," అంది.

"ఎందుకని?"

"గడ్డి లేదక్కా. మా ఇంట్లో తప్ప ఎవరింట్లోనూ లేదు."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. చేతికోతల రోజుల్లో కోసినవాళ్లూ నూర్చినవాళ్లూ గడ్డి మోపులు ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. మిషన్లు వచ్చాక కూడా, చేలో పడిన గడ్డి ఏరుకుంటే రైతు కాదనేవాడు కాదు. ఎలాగూ తగలబెట్టేదే. సెంటు భూమి లేని ఆడవాళ్లు, నిప్పు పెట్టేలోగా గబగబా ఏరుకుని, తలల మీద మోసుకుని, దొడ్లో చిన్న వామి వేసుకునేవాళ్లు. ఎండాకాలమంతా ఆ వామే గేదెకి మేత. ఈసారి బేలర్ వాళ్లకి ఏరుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఎవరికీ పనికిరాని గడ్డి అని మేనేజరు అన్నది ఈ గడ్డినే.

"మీ ఆయనకి చెప్పకపోయావా?"

"చెప్పాను. కంపెనీతో అగ్రిమెంటు ఉంది, పరక కూడా బయటికి పోకూడదు అన్నాడు."

అప్పటికే కంపెనీ సంగతి కూడా తేడా కొట్టింది. గడ్డి నానకుండా పైకి తేలి తొట్లో మందంగా తెట్టు కట్టిందట. గడ్డితో వచ్చిన మట్టీ ఇసకా నరికే కత్తుల్ని తినేశాయట. కొత్త కత్తులు వచ్చేదాకా చుట్టలన్నీ మీ దగ్గరే ఉంచండి అని మేనేజరు చెప్పాడు. ఊరి మొదట్లో మా వాటాకి వచ్చిన మెరక చేలో చుట్టలు కొండలా పేర్చారు. అన్నిటినీ కప్పడానికి పట్టాలు చాల్లేదు. అకాల వాన ఒకటి పట్టుకుని రెండు రోజులు వదల్లేదు. సగం కొండ తడిసింది. లోపల వేడెక్కి పొగలాగా ఆవిర్లు మొదలయ్యాయి. పుల్లటి వాసన. గ్యాసు కోసం బాపట్లదాకా పోనక్కర్లేదు, ఇక్కడే తయారవుతోంది అని ఊరంతా నవ్వుకున్నారట.

గడ్డివామి దగ్గర కుక్క అని సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది తినదు, తినేదాన్ని తిననివ్వదు. ఆ కుక్కకి ఒక అగ్రిమెంటు కూడా ఉంటుందని నాకు తెలియదు.

ఎండలు ముదిరాయి. కాలవ కట్టేశారు. గట్ల మీద పచ్చపరక లేదు. మళ్లీ ఫోన్. "అక్కా, ఒకసారి రావా," అని మాత్రం అంది. నేను మా ఆయనకి రెండు రోజులకి సరిపడా పులుసు పెట్టి రేపల్లె రైలెక్కాను.

సాయంత్రం పూట ఇంటికి చేరేసరికి మా మరిది వరండాలో కుర్చీ వేసుకుని ఫోన్లో కంపెనీ వాళ్లని బతిమాలుతున్నాడు. మనిషి తగ్గాడు. మాట మాత్రం తగ్గలేదు. "కొత్త టెక్నాలజీ వదినా. మొదట్లో చిన్న చిన్న ఇబ్బందులు ఉంటాయి," అన్నాడు.

"ఇబ్బంది నీకా, గేదెలకా?"

జవాబు చెప్పేలోగా వీధిలోకి ఆడవాళ్లు వచ్చారు. పదిమందికి పైనే ఉంటారు. ముందు నడుస్తున్నావిడ వితంతువు. రెండు గేదెల పాలు కేంద్రానికి పోసి బతుకుతుంది. వరసకి మా మరిదిని బాబాయ్ అంటుంది. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. గడప దాకా రాలేదు, మెట్టు కిందే నిలబడింది.

"బాబాయ్, ఒక గేదె వట్టిపోయింది. రెండోది కూడా వట్టిపోయేట్టుంది. పొడి మేత లేక ఎముకలు తేలాయి. నాకు ఊరికే వద్దు. ఉన్నదాంట్లో మంచి చుట్టలు ఇప్పించు, పనికొచ్చి తీర్చుకుంటాను."

"అది నాది కాదమ్మా. కంపెనీది. నేను ఇస్తే నా మీద కేసు అవుతుంది."

"కంపెనీ తీసుకుపోవటం లేదుగా?"

"తీసుకుపోతుంది. మిషను బాగవ్వాలి."

"మా గేదెలకి మిషను బాగయ్యేదాకా ఆగమని ఎట్టా చెప్పను బాబాయ్? వాటికి నీ భాష రాదు."

వెనకున్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా మరిదికి నవ్వంటే పడదు. లేచి నిలబడి మొదలుపెట్టాడు. దేశం పెట్రోలు కోసం పరాయి దేశాల ముందు చెయ్యి చాపుతోందట. గాలి పాడైపోతోందట. రైతు రాజు కావాలంటే పంటతో పాటు గడ్డి కూడా ఇంధనం కావాలట. ఒక పెద్ద మార్పు వస్తున్నప్పుడు చిన్న చిన్న త్యాగాలు తప్పవట. ఇందులో చాలా మాటలు అబద్ధాలు కావు. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. అబద్ధమైతే మొహాన కొట్టొచ్చు. ఆకలితో ఉన్న పశువు ముందు నిలబడి ఇన్ని నిజాలు చెప్పేవాడిని ఏం చేయాలి?

ఆడవాళ్లు అంతా విన్నారు. అయిపోయాక ఆవిడ, "సరే బాబాయ్," అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ 'సరే' విని మా మరిది గెలిచాననుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, "విడమరిచి చెబితే అర్థం చేసుకుంటారు వదినా. చెప్పేవాళ్లు లేక," అన్నాడు. వాకిట్లో మా తోటికోడలు నిలబడి వీధి వైపే చూస్తోంది.

పొద్దున్నే కాఫీ తాగుతుంటే మెడగంటల చప్పుడు వినిపించింది. ఒకటి రెండు కాదు. వీధి నిండా. కిటికీలోంచి చూస్తే గేదెలు. ఊళ్లో బక్కచిక్కిన ప్రతి గేదే ఆ వరసలో ఉంది. ఆడవాళ్లు పలుపులు విప్పేసి వెనక నుంచి అదిలిస్తున్నారు. ఎవరూ అరవడం లేదు. ఊరి మొదట్లో మెరక చేను వైపు మెల్లగా, పెళ్లి ఊరేగింపులా నడిచిపోతున్నాయి.

మా మరిది లుంగీ ఎగగట్టుకుని వాకిట్లోకి పరిగెత్తాడు. "ఏయ్! ఎక్కడికి? ఎక్కడికి తోలుతున్నారు?"

"మేతకి," అంది ముందురోజు వచ్చినావిడ, నడక ఆపకుండానే. "తోలేది మేమే. తినేది అవి. కేసు వాటి మీద పెట్టించు బాబాయ్."

అప్పుడు జరిగింది నేను కలలో కూడా అనుకోలేదు. దొడ్లోంచి మా తోటికోడలు వచ్చింది. నాలుగు గేదెల పలుపులూ ఒక్క చేత్తో పట్టుకుని ఉంది. ఆమె గేదెలకి లోటేం లేదు. మా దొడ్లో వామి నిండుగానే ఉంది. అయినా వాటిని వీధిలోకి తోలి, ఆ వరస చివర కలిపేసింది.

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు మా మరిది.

ఆమె ఆగింది. పెళ్లయిన దగ్గర్నుంచీ అతని ముందు ఆమె గొంతు ఎత్తడం నేను చూడలేదు. అప్పుడు కూడా ఎత్తలేదు. "ఈము తరిమినప్పుడు నన్ను ఇంట్లోకి లాక్కుపోయి తలుపేసింది వాళ్లే. నువ్వు అరుగు మీదున్నావు," అంది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని గేదెల వెంట వెళ్లిపోయింది.

నేను కూడా చెప్పులేసుకుని బయల్దేరాను. ఆయాసం ఉన్నదాన్ని, అంత వేగంగా ఎప్పుడు నడిచానో నాకు గుర్తులేదు.

మెరక చేలో చూసిన దృశ్యం చెబితే నమ్మరు. గేదెలు చుట్టల కొండని చుట్టుముట్టాయి. తడిసి నల్లబడిన వాటిని వాసన చూసి వదిలేశాయి. ఎండి పసుపుపచ్చగా ఉన్నవాటి దగ్గర ఆడవాళ్లు కొడవళ్లతో తాళ్లు కోసి విప్పుతుంటే, తలలు లోపలికి దూర్చేసి తింటున్నాయి. అంతమంది మనుషులూ అన్ని పశువులూ ఉన్నా, నములుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒక ముసలి గేదె కళ్లు మూసుకుని తింటోంది. ఆ బొమ్మ మేనేజరు గోడ మీద పెట్టుకోవలసింది.

మేనేజరు ఎండెక్కాక జీపులో దిగాడు. మా మరిది ఫోన్ చేసి పిలిపించాడు. తెల్లటి బూట్లతో చేలో అడుగుపెట్టాడో లేదో, ఆగిపోయాడు. ఎటు చూసినా పేడ. జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఏసీ గదిలో పేడనీళ్ల గురించి అంతసేపు చెప్పిన మనిషికి, పేడ ఇలా ఉంటుందని తెలియనట్టుంది.

"ఇది కంపెనీ ప్రాపర్టీ అండి. అందరి మీదా కంప్లయింట్ ఇస్తాను," అన్నాడు రుమాలులోంచి.

ఒక్కరూ తలెత్తలేదు. అప్పుడు నేను ముందుకెళ్లాను. స్కూల్లో వెనక బెంచీకి వినిపించేలా మాట్లాడటం నాకు అలవాటు.

"ఇవ్వండి. ఈ చేను మాది, అద్దెకి మీరు తీసుకోలేదు. చుట్టలు మీవైతే ఇన్నాళ్లూ వానకి తడవనిచ్చారెందుకని స్టేషన్లో అడుగుతారు. కుళ్లిన చుట్టల్లో నిప్పు పుడితే పక్కనున్న ఇళ్ల సంగతేంటని కూడా అడుగుతారు. నేనే దగ్గరుండి రాయిస్తాను, పదండి."

ఆ మనిషి నన్ను చూశాడు, మా మరిదిని చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు. "మీరు లోకల్‌గా సెటిల్ చేసుకోండి," అని మా మరిదికి చెప్పి జీపెక్కాడు. లోకల్ అంటే వాళ్ల అర్థం నాకు అప్పుడు బాగా తెలిసింది. లాభం వస్తే కంపెనీది, గొడవ వస్తే లోకల్‌ది.

మధ్యాహ్నానికి మంచి చుట్టలన్నీ ఊళ్లోకి వెళ్లిపోయాయి. కొన్ని తలల మీద, కొన్ని రిక్షా బండ్ల మీద, కొన్ని దొర్లించుకుంటూ. మా మరిది చేను గట్టు మీద ఒక్కడే కూర్చున్నాడు. జీపు వెళ్లిన వైపు చూస్తున్నాడు. తను నమ్ముకున్న కంపెనీ ఒక్క మాటైనా తన తరఫున అనకుండా పోవడం అతను మింగలేకపోయాడు. నాకు జాలి వేయాలి. కొంచెం వేసింది కూడా. కానీ నోరు తెరిచి, "వదినా, అసలు లోపం ఎక్కడ వచ్చిందంటే..." అనేసరికి ఆ కొంచెమూ పోయింది.

ఆ తర్వాత చాలా రోజులు అతను భార్యతో మాట్లాడలేదు. ఆమెకి అది పెద్ద తేడాగా అనిపించినట్టు లేదు. పాలు పితకడం, కేంద్రానికి పంపడం, వంట. అతని కంచం అతని ముందు పెట్టేది. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదక్కా అని నాతో ఫోన్లో అంది. కుళ్లిన చుట్టల్ని అతను కూలీల చేత మా చేలో చల్లించాడు. ఆ మెరక మీద తర్వాత వేసిన జొన్న మోకాలెత్తున కాదు, మనిషెత్తున లేచింది.

కంపెనీ మూతపడిందని చెబితే మీకు బాగుంటుంది. నాకూ బాగుండేది. మూతపడలేదు. కత్తులు మార్చారు, మేనేజరుని మార్చారు. ఇప్పుడు గ్యాసు తీస్తున్నారు. ఆ మధ్య బాపట్లలో ఒక ఆటో ఎక్కితే, డ్రైవరు ఆ గ్యాసే పోయిస్తున్నానని చెప్పాడు. చప్పుడు తక్కువ, పొగ లేదు. దిగేటప్పుడు నాకు ఆయాసం రాలేదు. ఒప్పుకోవాల్సిందే. నాకు గ్యాసు మీద ఎప్పుడూ అసహ్యం లేదు. దాన్ని అమ్మే నాలుకల మీదే. పెట్రోల్లో కలిపే సారాయి గాని, గడ్డి గ్యాసు గాని, గింజల నూనె గాని, ఏదైనా మట్టిలోంచే రావాలి. ఆ మట్టి మీద అప్పటికే ఎవరి నోరో ఆధారపడి ఉంటుంది. ఆ నోటిని లెక్కలో వేయకుండా గాలిని శుభ్రం చేస్తామనేవాళ్లని చూస్తే, గడ్డి కాల్చిన రైతే నయమనిపిస్తుంది. వాడు కనీసం ఉపన్యాసం ఇవ్వలేదు.

మరుసటి ఏడు కోతలకి ముందు ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని మాట్లాడుకున్నారు. నేను వెళ్లలేదు, తోటికోడలు చెప్పింది. మిషను కోసిన చేలో ముందు ఊరివాళ్లు ఏరుకోవాలి, ఎవరి పశువుకి సరిపడా వాళ్లు తీసుకున్నాకే బేలర్ దిగాలి. దూరపు చేలల్లో, ఎవరూ మోసుకురాలేని చోట గడ్డంతా కంపెనీకి. తొట్లలో మిగిలిన మడ్డి ఎరువు గడ్డి ఇచ్చిన ఊళ్లకి రావాలి. ఈ మూడు మాటలూ చెప్పింది మా తోటికోడలే. కుర్చీలో కూర్చోకుండా, గోడకి ఆనుకుని నిలబడి చెప్పిందట. ఎందుకు కూర్చోలేదే అని అడిగితే, "పాలవేళ అవుతుందక్కా, కూర్చుంటే లేటవుతుంది," అంది. పద్ధతి పూర్తిగా నడుస్తోందని చెప్పను. రోడ్డుకి అవతల కొందరు ఇప్పటికీ నిప్పు పెడుతున్నారు. ఎరువు కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు.

మా మరిది బేలర్ అమ్మలేదు. దాన్నే ఊరి పద్ధతి ప్రకారం తిప్పుతున్నాడు. మొన్న చీరాల పేరాలలో బంధువుల పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యాక షామియానా కింద పదిమంది మగవాళ్ల మధ్య అతను కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. దూరం నుంచే ఆ గొంతు వినపడింది.

"ముందు పశువు, తర్వాత గ్యాసు. నేను మొదటి నుంచీ ఇదే చెబుతూ వచ్చాను. ఊరివాళ్లకి మేత వదిలి, మిగిలింది మాత్రమే కంపెనీకి ఇవ్వాలి. మడ్డి ఎరువు మనకి తిరిగి రావాలి. ఈ మోడల్ దేశమంతా పెట్టాలండీ."

వింటున్నవాళ్లు తలలు ఊపుతున్నారు. ఒకాయన, "ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అని అడిగాడు. మా మరిది ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అనుభవం అండి," అన్నాడు.

నేను పక్కకి తిరిగి తోటికోడల్ని చూశాను. లేచి వెళ్లి నాలుగు దులిపేస్తానని నా మొహంలో కనిపించి ఉంటుంది. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పోనీలే అక్కా. నేను చెబితే ఒక ఊరు వింది. ఆయన చెబితే పది ఊళ్లు వింటాయి," అంది. ఒళ్లో ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం ఉంది. ఒక్కోటి వలిచి గింజలు నా అరచేతిలో పోస్తోంది. అటువైపు మా మరిది మీథేన్ అంటే ఏంటో మొదలుపెట్టాడు.